అద్దాల్లో చర్చి వంకర్లు పోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి బోస్టన్ వచ్చానండీ. కాప్లీ స్క్వేర్‌లో జాన్ హాన్‌కాక్ టవర్ అద్దాల్లో ట్రినిటీ చర్చి కనబడుతుంది కదా, జూమ్ లెన్స్‌తో తీస్తే అద్దాల మధ్య గీతలు షార్ప్‌గా, చర్చేమో మసగ్గా వస్తోంది, పైగా వంకర్లు. లోపం కెమెరాదా, నాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. ఆటోఫోకస్ ఎప్పుడూ గట్టి గీత కనిపిస్తే దాన్నే పట్టుకుంటుంది. చర్చి అద్దం మీద బొమ్మలా అనిపిస్తుంది గానీ లెన్స్ లెక్క వేరు, మీ నుంచి అద్దానికి 50 మీటర్లు, అక్కణ్ణుంచి చర్చికి ఇంకో 50 అనుకోండి, ఫోకస్ 100 మీటర్లకి వెళ్ళాలి. సింగిల్ పాయింట్ (ఒక్క చుక్క మీదే ఫోకస్ పట్టే సెట్టింగ్) పెట్టి రిఫ్లెక్షన్‌లో చర్చి గోపురం అంచు మీద పట్టండి, లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్8 కానీ ఎఫ్11 కానీ పెడితే గీతలు కూడా బానే వస్తాయి. ఫోన్‌తో అయితే ఈ గొడవే లేదు. లెన్స్ ముందు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తగిలించి ఉంటే మాత్రం తీసెయ్యండి, అది ఓ పక్కకి తిరిగిందంటే రిఫ్లెక్షనే సగం ఎగిరిపోతుంది.

ఎండ చర్చి మీద పడాలి, అద్దం మీద కాదు. చర్చి ముఖం పడమటి వైపు, అందుకని మధ్యాహ్నం దాటాక వెళ్ళండి, ఆ ఎర్రరాయి అప్పుడు భలే ఉంటుంది. చీకటి పడి లోపల లైట్లేస్తే ఇక ఆఫీసు కుర్చీలే కనిపిస్తాయి.

ఇక వంకర్లు. 1973లో ఈ టవర్ ఇంకా కడుతుండగానే అద్దాలు ఊడి కింద పడ్డాయి, ఒక్కోటి 225 కిలోల పైమాటే, ఖాళీ అయిన చోటల్లా ప్లైవుడ్ కొట్టి జనం నవ్వుకునేదాకా వచ్చింది. రెండు పొరల అద్దాల్ని కలిపిన సీసం అతుకు మరీ బిగుసుగా ఉండి, గాలికీ ఎండకీ కదిలే వీల్లేక అద్దమే పగిలిందని తర్వాత తేలింది. చివరికి మొత్తం 10,344 అద్దాలూ పీకేసి ఒంటిపొర టఫెన్డ్ గ్లాస్ వేశారు. టఫెన్డ్ గ్లాస్ కొలిమిలో కాల్చి తీస్తారు కాబట్టి పూర్తి చదునుగా ఉండదు, ఒక్కో పలక చర్చిని కొంచెం కొంచెం పక్కకి జరిపి చూపిస్తుంది. నన్నడిగితే ఫొటో అంతా అక్కడే ఉంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచెయ్యకండి.

అసలు చర్చి కూడా ఫ్రేములో పెడతారా, ఎక్స్‌పోజర్ (వెలుగు లెక్క) దానికే ఇవ్వండి, రిఫ్లెక్షన్ ఎలాగూ కాస్త నల్లగా వస్తుంది, ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో వెలుగు లేపుకోవచ్చు.