పులిసిన కల్లు, పులిసిపోయిన ముద్ద

సందేహం: మాకు గుంటూరులో చిన్న బేకరీ ఉంది. రొట్టె ముద్ద మోతాదు మించి పొంగితే మా మేస్త్రీ ‘పులిసిపోయింది’ అని పక్కన పెట్టేస్తాడు. రేపల్లె వైపు ఉండే మా మామయ్య మాత్రం, తలకెక్కే కల్లును ‘బాగా పులిసింది’ అని మెచ్చుకుంటారు. ఒకే మాటకు ఈ రెండు వాడుకలూ సరైనవేనా? ముద్దకు ‘పొంగింది’ అంటే చాలదా?

సమాధానం: రెండూ సరైనవే. ముద్దకు ‘పొంగింది’ అంటే మాత్రం చాలదు. ‘పొంగు’ కంటికి కనిపించేదాన్ని చెబుతుంది. పాలు పొంగినా, ఏరు పొంగినా అదే మాట. ‘పులియు’ నాలుకకు తెలిసేదాన్ని చెబుతుంది. ‘పులి’ అంటే పులుపు. పులుసు, పులిహోర అందులోంచి వచ్చినవే. తమిళ ‘పుళి’, కన్నడ ‘హుళి’ దాని తోబుట్టువులు.

కల్లులోనూ ముద్దలోనూ పనిచేసేది ఈస్టే. అది చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. ముద్దలో వాయువు చిక్కుకొని పొంగిస్తుంది, ఆల్కహాలు పొయ్యి వేడికి ఆవిరవుతుంది. కల్లులో వాయువు నురగై పోతుంది, ఆల్కహాలు మిగులుతుంది.

ఇక మెప్పూ నిందా అంటారా, ఆ తేడా ‘పులియు’లో లేదు, వెనక చేరిన ‘పోవు’లో ఉంది. అన్నం ఉడికితే వడ్డిస్తాం, ఉడికిపోతే నొచ్చుకుంటాం. తెల్లవారుజామున దింపిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, మర్నాటికి పులిసిపోయి నోట పెట్టనివ్వదు. ఇడ్లీ పిండి చలికాలంలో ‘పులవలేదు’ అని బెంగపడే ఇల్లాలే రోహిణి కార్తెలో ‘పులిసిపోయింది’ అని వాపోతుంది. మీ మేస్త్రీ, మీ మామయ్య ఇద్దరూ ఎంత తూకంగా మాట్లాడారో చూడండి!

‘పులిసిన సారా’ అని కొందరు రాస్తున్నారు, అది తప్పు. పులిసేది బెల్లం ఊట. దాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టేది సారా. అది ఇక పులవదు.

పులియడానికి పాఠ్యపుస్తకాల్లో వాడే ‘కిణ్వనం’ సంస్కృత ‘కిణ్వం’ నుంచి వచ్చింది. ఆ మాట కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, మద్యం వ్యవహారాలు చూసే అధికారి ‘సురాధ్యక్షుడి’ విధులు చెప్పేచోట ఉంది. మద్యాన్ని పులియబెట్టే ఆ కిణ్వానికి ఆయన చెప్పిన ముఖ్య దినుసులు రెండు: రుబ్బిన మినుములు, వాటికి మూడోవంతు ఎక్కువగా బియ్యం. మన దోసెల పిండిలో పడేవీ ఆ రెండే.