గోంగూర కాయల రేకలతో హెర్బల్ టీ: అమ్మాయిని ఎంఎస్సీ చదివించాలా, వ్యాపారం పెట్టించాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరం చదువుతోంది. తంగేడు పువ్వు, శంఖుపుష్పం, ఎర్ర గోంగూర పూలతో హెర్బల్ టీ తయారుచేసి సొంత బ్రాండు పెడతానంటోంది. ఎంఎస్సీ వద్దని, ఐదు లక్షలు ఇమ్మని అడుగుతోంది. మాకు ఎకరం పొలం ఉంది. దీనికి నిజంగా మార్కెట్ ఉందా? — ఒక తండ్రి

జవాబు: మార్కెట్ ఉందండీ. ఐదు లక్షలు మాత్రం ఇప్పుడే పెట్టకండి. ఈ వ్యాపారంలో డబ్బు మిగిలేదీ, మునిగేదీ ఎండబెట్టే దగ్గరే. ఆ పని చేతికి రాకముందే టీ బ్యాగుల మిషనూ, లోగో, వెబ్‌సైటూ అంటూ ఖర్చు పెట్టినవాళ్లకు గోడౌన్లో బూజు పట్టిన సరుకే మిగులుతుంది.

ముందు మూడు మొక్కల్లో ఒకదాన్నే ఎంచుకోమనండి. నా ఓటు ఎర్ర గోంగూరకే. దీని పుట్టిల్లు ఆఫ్రికా అంటారు గానీ తరాలుగా మన పొలంలో, మన వంటింట్లో ఉన్న మొక్క. సూడాన్, ఈజిప్టుల్లో కర్కదే పేరుతో తాగేది, ప్రపంచమంతా హైబిస్కస్ పేరుతో కొనేది ఈ కాయ చుట్టూ దళసరిగా ఉబ్బే ఎర్ర రేకలనే. మనం ఆకు తిని కాయ వదిలేస్తున్నాం. తంగేడు పువ్వు రోడ్ల పక్కన ఉచితంగా దొరుకుతుంది, నిజమే. దానితోపాటు దుమ్మూ, వాహనాల పొగా కూడా వస్తాయి. పైగా దాన్ని కొనేవాళ్లలో చాలామంది షుగర్ తగ్గుతుందనే కొంటారు. ఆ మాట ప్యాకెట్ మీద రాస్తే ఏమవుతుందో కింద చెబుతాను. శంఖుపుష్పం రెండో ఏడాది చూసుకోవచ్చు.

విత్తనం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. గోంగూర పేరుతో అమ్మే విత్తనాల్లో రెండు జాతులు ఉంటాయి. నార కోసం పెంచే గోగులో కొన్నింటికి కాయ రేకలు పల్చగా, పనికిరాకుండా ఉంటాయి. కాయ కండపట్టి, ముదురు ఎరుపుగా ఉన్న మొక్కల నుంచి తీసిన విత్తనమే కావాలి. ఆకు కోసం వేసినట్టు ఒత్తుగా చల్లితే కాయలు రావు. మొక్కకూ మొక్కకూ, సాలుకూ సాలుకూ మూడేసి అడుగులు ఉండాలి. పగటి పొద్దు తగ్గాకే పూసే మొక్క కాబట్టి జూన్, జూలైల్లో విత్తితే అక్టోబరు, నవంబరుల్లో పూస్తుంది. పువ్వు రాలిన రెండు మూడు వారాలకు, కాయ పచ్చిగా ఉండగానే కోయాలి. ఆలస్యమైతే లోపలి గింజకాయ చెక్కలా గట్టిపడి, దాన్ని తీసేటప్పుడు రేకలు చిరిగిపోతాయి.

ఇక్కడే మన ప్రాంతపు అసలు కష్టం ఉంది. కోత సరిగ్గా తుపాన్ల కాలంలో పడుతుంది. ముసురు పట్టి మూడు రోజులు ఎండ రాకపోతే డాబా మీద పరిచిన రేకలు నల్లబడి, పులిసిపోతాయి. పైగా అదే సమయానికి పత్తి తీతలు, వరి కోతలు మొదలై కూలీలు దొరకరు. అందుకే ఎండను నమ్ముకోకుండా ట్రే డ్రయ్యర్‌లో 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఎండబెట్టాలి. తొందరపడి వేడి పెంచితే రంగునిచ్చే యాంథోసయనిన్లు దెబ్బతిని గోధుమరంగు వస్తుంది. ఇనుప కత్తి, ఇనుప జల్లెడ వాడితే రేకలు నల్లగా మారతాయి. స్టీలే వాడాలి. పచ్చి రేకల్లో 85 శాతం పైనే నీరు. అది 10 శాతానికి వచ్చేదాకా ఆరాలి. వేలితో నలిపి సరిపోయిందనుకోకండి. కాలేజీ ల్యాబులో హాట్ ఎయిర్ ఓవెన్ ఉంటుంది. 5 గ్రాముల శాంపిల్ 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గని వరకూ ఉంచి తూచమనండి. తగ్గిన బరువే తేమ. ఇది పుల్లని సరుకు కాబట్టి గాలిలో తేమను త్వరగా లాగేసుకుంటుంది. డ్రయ్యర్ నుంచి తీసి చల్లారగానే అల్యూమినియం పొర ఉన్న సంచిలో సీలు వేయాలి. బెజవాడ, తెనాలి గాలిలో ఒక రాత్రి తెరిచి ఉంచినా మెత్తబడుతుంది.

లెక్క చూద్దాం. కాయ బరువులో రేకలు సుమారు సగం. పది కిలోల పచ్చి రేకలు ఎండితే కిలో వరుగు. అంటే కిలో వరుగుకు 20 కిలోల కాయలు కావాలి. కాయలు కిలో 20 రూపాయలనుకుంటే సరుకే 400. గింజకాయ తీయడానికి ఒక మనిషి కూలి 400 అనుకోండి. కిలోకు 800 అయింది. కరెంటు, సంచి, పరీక్ష, షాపు మార్జిన్ ఇంకా పడలేదు. 50 గ్రాముల ప్యాకెట్‌లో సరుకు ఖర్చే 40 రూపాయలు. కప్పుకు 2 గ్రాముల చొప్పున 25 కప్పులు వస్తాయి. బయట హెర్బల్ టీ మిశ్రమాలు తయారుచేసే బ్లెండర్లు టోకున సూడాన్, చైనా సరుకుతో పోల్చి ధర చెబుతారు. మీది ఆ ధరకు అందకపోతే ముదురు రంగు, శుభ్రత, పక్కా పరీక్ష రిపోర్టు చూపించి నేరుగా కొనేవాళ్లకే అమ్మాలి.

పరీక్ష అన్నాను కదా, దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. మన జిల్లాలో మిరప, పత్తికి కొట్టే మందులు గాలికి పక్క చేలోకి వస్తాయి. పది కిలోలు ఎండి కిలో అవుతున్నప్పుడు వాటి అవశేషాలు కూడా కూడిపోతాయి. మీ ఎకరం మిరప చేను పక్కనే ఉంటే అక్కడ వేయకండి. పిండినల్లి పట్టినా కోతకు ముందు రసాయన మందు కొట్టకండి. మొదటి బ్యాచ్‌నే ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల ప్రమాణాలు చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపాలి.

ప్యాకెట్ మీద పేరు విషయం. తేయాకు మొక్క నుంచి రాని సరుకును టీ అని పిలవకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 డిసెంబరులో స్పష్టం చేసింది. కాబట్టి ఎర్ర గోంగూర రేకల ఇన్ఫ్యూజన్ (వేడినీళ్లలో నానబెట్టి తాగేది) లాంటి పేరు పెట్టుకోవాలి. ఆ సంస్థ లైసెన్సులిచ్చే ఫాస్‌కాస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తీసుకోకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకూడదు. షుగర్ తగ్గిస్తుంది, బీపీ నయమవుతుంది అని రాస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందికి వస్తుంది. వాట్సాప్ ప్రచారంలో కూడా ఆ మాటలు వద్దు. అవి నమ్మి మందులు మానేసే మనిషి ఉంటే ఆ పాపం మీది.

ఇక చదువు. ఎంఎస్సీ మానొద్దు, వ్యాపారమూ మానొద్దు. ఈ జూన్‌లో ఐదు సెంట్లలో విత్తించండి. మూడడుగుల ఎడంతో 240 మొక్కలు పడతాయి. మొక్కకు అరకిలో కాయలు దిగినా 120 కిలోలు, అంటే 6 కిలోల వరుగు, 120 ప్యాకెట్లు. అన్నీ కలిపి పాతిక, ముప్పై వేలలో జరిగే పని. డ్రయ్యర్ కొనకుండా అద్దెకో, ఎవరిదైనా యూనిట్లో గంటల లెక్కనో వాడుకోండి. ఇదే సమయంలో ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాయించి, ఆహార పరీక్షలు, మైక్రోబయాలజీ నేర్పే కోర్సు చూసుకోమనండి. బాపట్లలోని ఆచార్య ఎన్‌జీ రంగా వర్సిటీ ఫుడ్ టెక్నాలజీ కాలేజీ మీకు దగ్గరే. అక్కడి ప్రాసెసింగ్ యంత్రాలు చూసి, అధ్యాపకులతో మాట్లాడి రమ్మనండి.

దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. తేమ, రంగు, మందుల అవశేషాలు, బూజు: ఈ నాలుగూ కొలవడం వచ్చిన అమ్మాయికి గుంటూరులో పని దొరుకుతుంది. మిర్చి ఎగుమతిదారులు, పసుపు, మసాలా యూనిట్లు రోజూ చూసుకునేవి ఇవే. స్పైసెస్ బోర్డు నాణ్యతా ల్యాబు గుంటూరులోనే ఉంది, స్పైసెస్ పార్కు యడ్లపాడు దగ్గర ఉంది. టీ వ్యాపారం నడవకపోయినా నేర్చుకున్నది ఆ ఉద్యోగాలకు పనికొస్తుంది.

సంక్రాంతికి అమ్మాయి చేతిలో మూడు కాగితాలు ఉండాలి: తేమ అంకెలు, ల్యాబు రిపోర్టు, కిలోకు అసలు ఖర్చు. వాటితోపాటు మొదటిసారి కొన్నవాళ్లలో ఎంతమంది రెండో ప్యాకెట్ అడిగారో రాసుకోమనండి. చుట్టాలను ఆ లెక్కలో కలపొద్దు. మూడో వంతు మంది మళ్లీ అడిగితే అప్పుడు డ్రయ్యర్ గురించి ఆలోచించవచ్చు. చిన్న ఆహార యూనిట్లకు కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో బ్యాంకు రుణంతోపాటు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకూ సబ్సిడీ ఇస్తూ వచ్చారు. అప్పటికి అది కొనసాగుతోందో లేదో మీ బ్యాంకులో కనుక్కొని, ఈ మూడు కాగితాలూ జతచేసి దరఖాస్తు పెట్టండి.