పరమవీరచక్రా? పరమవీరచక్రమా?

సందేహం: కార్గిల్ విజయ్ దివస్ కోసం మా బడిలో పిల్లలతో ఒక చార్టు రాయించాను. పైన ‘పరమవీరచక్రం పొందిన అమరవీరులు’ అని పెట్టి, కింద ‘కార్గిల్ యుద్ధంలో ఈ శౌర్య పథకం గెలిచినవారు’ అంటూ నలుగురి పేర్లు రాశాం. ‘చక్రం’ తప్పు, ‘చక్ర’ అనాలని తోటి టీచర్ పట్టుబట్టారు. తెలుగులో సున్నా లేని ‘చక్ర’ ఎక్కడుంది? – ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

సమాధానం: వ్యాకరణం మీ వైపు ఉంది, వాడుక మీ తోటి టీచర్ వైపు ఉంది. ఈసారి నా ఓటు వాడుకకే.

చక్ర, రత్న, పుష్ప లాంటి సంస్కృత పదాలు తెలుగులోకి వస్తే చివర ‘ము’ చేరుతుంది. అదే ఇప్పుడు సున్నా అయింది. చక్రవర్తి, చక్రపాణి అన్నట్టు సమాసం మొదట్లో ఉంటే తప్ప ఉత్త ‘చక్ర’ మనకు లేదు. మీ లెక్క సరైనదే. కానీ ఈ మాట మనకు సంస్కృతం నుంచి నేరుగా రాలేదు. 1950 జనవరి 26న కేంద్రం ఈ పతకాన్ని నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేసింది. అలా ఢిల్లీలో పెట్టిన హిందీ పేరు పేపర్ల ద్వారా, రేడియో ద్వారా మన చెవిన పడింది. పడినట్టే ఉండిపోయింది. ‘భారతరత్న’ సంగతీ అంతే, దాన్ని ‘భారతరత్నం’ అని ఎవరూ అనరు. మరి ‘పద్మభూషణ్’కి పొల్లు ఎందుకు వచ్చిందంటారా? హిందీవాళ్లు మాట చివరి అకారాన్ని మింగేస్తారు. చక్ర, రత్న లాంటి మాటల్లో చివర జంట హల్లు ఉండటంతో అది పూర్తిగా మింగుడుపడదు, కొంచెం వినిపిస్తుంది.

సున్నా లేకపోవడంలో ఒక లాభం కూడా ఉంది. యుద్ధరంగం బయట చూపిన సాహసానికి ఇచ్చే అత్యున్నత పతకం పేరు ‘అశోకచక్ర’. జెండా మధ్యలో 24 ఆకులతో ఉండేది ‘అశోకచక్రం’. ‘ఆ జవానుకు అశోకచక్రం ఇచ్చారు’ అంటే జెండాలోంచి తీసి ఇచ్చారా అని మీ పిల్లలే అడుగుతారు. ఆ ఒక్క సున్నా రెండిటినీ విడగొడుతోంది. అందుకే పతకాలకు చక్ర అనే ఉంచుదాం. చిక్కల్లా బహువచనంతోనే. ‘నాలుగు పరమవీరచక్రలు’ అంటే నోటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘నాలుగు పరమవీరచక్ర పతకాలు’ అంటే గొడవ లేదు. మూడు ముక్కలుగా విడదీయకుండా ఒకే మాటగా రాయండి. పరమవీరుడి చక్రం కదా, సమాసం.

ఇంతకీ ఈ చక్రం బండి గీరా, కుమ్మరి సారెనా? రెండూ కాదు, గుండ్రటి కంచు బిళ్ళ. నడుమ రాజముద్ర, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. దీన్ని రూపొందించిన సావిత్రీ ఖానోల్కర్ యూరప్‌లో పుట్టి, మన సైనికాధికారిని పెళ్లాడి, మన పురాణాలు చదువుకున్న మనిషి. దధీచి తన ఎముకలిస్తే దేవతలు వజ్రాయుధం చేసుకున్న కథ మీ పిల్లలకు చెప్పండి. బిళ్ళ మీద ఆ బొమ్మ ఎందుకుందో వాళ్లకే తెలిసిపోతుంది.

మీరు అడగలేదు కానీ, చార్టులో అసలు తప్పు ‘అమరవీరులు’. కార్గిల్‌లో పరమవీరచక్ర వచ్చింది విక్రమ్ బత్రా, మనోజ్ కుమార్ పాండే, యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్‌లకు. మొదటి ఇద్దరూ యుద్ధంలోనే ప్రాణాలు వదిలారు. తర్వాతి ఇద్దరూ బతికి వచ్చి పతకం అందుకున్నారు. యాదవ్‌కైతే ముందు ‘మరణానంతరం’ అనే ప్రకటించారు. అదే పేరున్న మరో సైనికుడు చనిపోవడంతో జరిగిన పొరపాటది. ఆయన ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నారని తర్వాత తేలింది. ఒకసారి ఢిల్లీ చేసి దిద్దుకున్న తప్పును మీ చార్టు మళ్లీ చేస్తోందన్నమాట! పైగా 1969 నుంచి తెలంగాణ ఉద్యమంలో ఎన్ని ప్రాణాలు పోయాయో చూసిన మన గడ్డ మీద ‘అమరులు’ అంటే పోయినవాళ్లే గుర్తొస్తారు.

మన పాతవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. గండపెండేరం బతికున్నవాడి కాలికి తొడిగేది. గండడంటే వీరుడు, కాకతీయుల ‘చలమర్తిగండ’ బిరుదులో ఉన్నదీ ఆ గండడే. పోరులో ఒరిగినవాడికి నిలిపేది వీరగల్లు. ఇందులో కల్లు అంటే రాయి. మీ పక్కనున్న ఓరుగల్లులోనూ అదే రాయి, అందుకే దానికి ఏకశిలానగరమని పేరు. పరమవీరచక్ర ఈ రెండు పనులూ చేస్తుంది. ఇప్పటిదాకా 21 మందికి ఇస్తే అందులో 14 మందికి మరణానంతరమే.

ఆ ‘మరణానంతరం’తోనూ జాగ్రత్త. ‘మరణానంతరం పొందారు’ అని రాస్తుంటారు, పోయినవారు ఎలా పొందుతారు? గల్వాన్‌లో 2020 జూన్‌లో వీరమరణం పొందిన మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుకు మరణానంతరం మహావీరచక్ర ‘ప్రకటించారు’, కుటుంబం ‘అందుకుంది’. ఇలా రాస్తే ఎవరు ఏం చేశారో తేటగా ఉంటుంది.

‘గెలిచినవారు’ వద్దు. కబడ్డీ కప్పు గెలుస్తాం. పతకం కోసం పోటీపడి ఎవరూ టైగర్ హిల్ ఎక్కలేదు. ‘గ్రహీతలు’ అనండి, ‘గ్ర’ తర్వాత ‘హీ’కి దీర్ఘం మరవకండి. ‘పరమవీరచక్ర గ్రహీతలు’ అంటే ఉన్నవారికీ, పోయినవారికీ సరిపోతుంది.

చివరగా ఆ ‘పథకం’. మెడలో హారానికి వేలాడే బిళ్ళ పతకం, సర్కారు పెట్టేది పథకం. ‘శౌర్య పథకం’ అని గోడకు అంటిస్తే, దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి సార్ అని ఎవరో ఒకరు అడగకపోరు. చార్టు మళ్లీ రాయించే ఓపిక లేకపోతే ఆ ఒక్క అక్షరమైనా దిద్దించండి.