చీతా వీడియో చూసి చిరుతను అంచనా వేయకండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతం. 120 గొర్రెలు, కొన్ని మేకలు ఉన్నాయి. ఈ మధ్య మా గుట్టల్లో చిరుత కనిపించింది. మందలో రెండు గొర్రెపిల్లలు పోయాయి. మధ్యప్రదేశ్‌లో ఒకతను నీళ్లు పోస్తే చీతా పిల్లలతో సహా వచ్చి తాగిన వీడియో చూశాం. అంత సాధు జంతువుకు భయపడటం ఎందుకని మా కాపరి అంటున్నాడు. ఆఫ్రికాలో వీటి నుంచి మందను కాయడానికి పెద్ద జాతి కుక్కలను పెంచుతారట. మేమూ ఒక జత కొనవచ్చా?

జవాబు: కుక్కల సంగతి తర్వాత, ముందు కాపరికి నచ్చజెప్పండి. వీడియోలో నీళ్లు తాగింది చీతా, మీ గుట్టల్లో కనిపించింది చిరుతపులి. చీతా ఒంటి మీద నిండు నల్ల చుక్కలు ఉంటాయి, కంటి కొస నుంచి నోటి దాకా నల్లని చార దిగుతుంది. చిరుత మచ్చలు మధ్యలో ఖాళీ ఉన్న ఉంగరాల్లా ఉంటాయి, ముఖాన చార ఉండదు. మన దేశంలో చీతాలు అంతరించాయని 1952లోనే ప్రకటించారు. 2022 సెప్టెంబరులో ఆఫ్రికాలోని నమీబియా నుంచి 8, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ పార్కులో ఉంచారు. మీ గుట్టల్లోకి చీతా వచ్చే అవకాశం లేదు.

చీతాకు పరుగే జీవనాధారం. కాలికి దెబ్బ తగిలితే వేట సాగదు, తిండి దొరకదు. అందుకే పోట్లాటకు దిగదు. తాను పడగొట్టిన జింకను సైతం సింహమో హైనానో వస్తే వదిలేసి పోతుంది. కర్ర పట్టుకున్న మనిషిని చూసినా తప్పుకుంటుంది. అడవిలో తిరిగే చీతా మనిషిని చంపినట్లు ఇంతవరకు నమోదు కాలేదు, మనుషుల మీద పడిన ఉదంతాలు ఎక్కువగా బంధించి పెంచినవాటివే. అయితే జీవాల విషయంలో చీతా కూడా సాధువు కాదు. 2025 మార్చిలో కునో పార్కు ఉన్న షియోపూర్ జిల్లాలో ఒక చీతా పిల్లలతో వచ్చి ఆవుదూడ మీద పడితే గ్రామస్థులు రాళ్లతో తరిమారు. మీరు చూసిన వీడియో ఆ తర్వాత కొద్ది రోజులకు వచ్చింది. నీళ్లు పోసినతను అటవీ శాఖలో డ్రైవరు. అతని మీద చర్య తీసుకున్నందుకు చాలామంది శాఖను తప్పుపట్టారు, నేను మాత్రం తప్పుపట్టను. మనిషి దగ్గరికి వస్తే నీళ్లు దొరుకుతాయని అలవాటుపడిన చీతా పిల్లలు పెద్దయ్యాక ఊళ్లోకే వస్తాయి. అప్పుడు పోయేది ఆ ఊరి మేకలే.

చిరుత తీరు వేరు. చీకట్లో పొంచి వస్తుంది, గోడలు దూకుతుంది, చెట్లెక్కుతుంది. చంపినదాన్ని పొదలోకి లాక్కెళ్లి మరునాడు మళ్లీ తినడానికి వస్తుంది. సాధారణంగా మనిషిని తప్పించుకునే తిరుగుతుంది గాని, దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చంపిన ఘటన మీకు తెలిసే ఉంటుంది.

ఇక కుక్కలు. నమీబియాలో చీతాలు ఎక్కువగా పార్కుల బయట, రైతుల పశుక్షేత్రాల్లోనే తిరుగుతాయి. దూడలను తింటున్నాయని 1980లలో రైతులు వాటిని వేల సంఖ్యలో మట్టుబెట్టారు. 1994 నుంచి అక్కడి చీతా సంరక్షణ సంస్థ ఒకటి అనటోలియన్ షెపర్డ్, కంగల్ జాతుల కుక్కపిల్లలను రైతులకు ఇస్తోంది. చిన్నప్పటి నుంచి మందలోనే పెరిగిన కుక్క, చీతా కనబడగానే మందకు అడ్డం నిలబడి మొరుగుతుంది. చీతా వెనుదిరుగుతుంది. అదే చిరుతయితే ఆ కుక్కనే ఎత్తుకుపోవచ్చు, కుక్క దానికి ఇష్టమైన తిండి. హిమాలయాల్లో కాపరులు కుక్కల మెడకు ఇనుప ముళ్ల పట్టీలు కట్టేది ఇందుకే. ఖరీదైన జత కొనకండి. ఉన్న నాటు కుక్కలు మొరిగి లేపితే చాలు. రాత్రి వాటిని దొడ్డి బయట కట్టేస్తే మాత్రం చిరుతను పిలిచినట్లే.

నమీబియా నుంచి మీకు పనికొచ్చే పాఠం మరొకటి ఉంది. అక్కడ మగ చీతాలు కొన్ని చెట్ల దగ్గర గుర్తులు వేస్తాయి, చుట్టుపక్కల చీతాలన్నీ ఆ చోటికే పదేపదే వస్తుంటాయి. పాలు తాగే దూడలున్న మందలను ఆ చోట్ల నుంచి దూరంగా మేపించి చూస్తే దూడల నష్టం 86 శాతం తగ్గిందని 2020లో పరిశోధకులు ప్రచురించారు. ఒక్క చీతానూ చంపలేదు. మీ గుట్టల్లోనూ చిరుత దాగే గుహలు, తుప్పలున్న వంకలు ఏవో కాపరికి తెలుసు. ఈనిన గొర్రెలను, వాటి చిన్న పిల్లలను అటు తోలవద్దు. ఇంటి దగ్గరే ఉంచి మేత వేయండి.

మీ డబ్బు దొడ్డి పైకప్పు మీద పెట్టండి. ముళ్ల కంప చిరుతను ఆపదు. లోపలికి దూకితే జీవాలు బెదిరి అటూ ఇటూ పరుగెడతాయి, అది ఒకదానితో ఆగకుండా నాలుగైదింటిని చంపేస్తుంది. పైన కూడా ఇనుప జాలి బిగించి, తలుపు కింద సందు లేకుండా చూడండి. పొద్దు వాలకముందే మంద ఇల్లు చేరాలి. చిరుత ఎదురైతే కాపరి పరుగెత్తకూడదు, వంగకూడదు. దాని మీదే చూపు ఉంచి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి.

అన్నట్టు, ఆ గొర్రెపిల్లలను చిరుతే తీసుకుపోయిందని ఎలా నిర్ధారించుకున్నారు? మీ ప్రాంతంలో తోడేళ్లున్నాయి, అవి పట్టపగలే గొర్రెపిల్లలను ఎత్తుకుపోతాయి. చిరుత అడుగు గుండ్రంగా ఉంటుంది, గోళ్ల గుర్తు పడదు. తోడేలు అడుగు పొడవుగా, గోళ్ల గుర్తులతో ఉంటుంది. ఈసారి జీవం చనిపోతే కళేబరాన్ని కదిలించకండి. దాని మీద విషపు గుళికలు చల్లితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. బీమా ఉంటే దాని గుర్తుగా చెవికి వేసిన పోగు (ట్యాగు) తీయవద్దు. వెంటనే అటవీ శాఖ బీటు అధికారికి, పశువైద్యాధికారికి కబురు చేసి పంచనామా రాయించుకోండి, పరిహారానికి అవసరమవుతుంది. అడుగుజాడ పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి పంపితే అది ఏ జంతువుదో చూసి చెబుతాను.