తగ్గించాల్సింది పాల ప్యాకెట్టు కాదమ్మా

ప్రశ్న: మాది కాకినాడ. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, 71 ఏళ్ల మా అత్తగారు. మా వారిది ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 42,000 వస్తుంది. అద్దె 9,500. సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ అన్నీ కలిపి 11,000. పెట్రోలు 2,500, కరెంటు, ఫోన్లు 2,200, అత్తగారి మందులు 1,800, పిల్లల ఆటో 1,500. రెండు లక్షల చీటీకి డివిడెండు పోను 4,600 కడుతున్నాం, 40 నెలల్లో 22 అయ్యాయి. నగల షాపు స్కీముకు 2,000 (వచ్చే నెలతో అయిపోతుంది), ఎల్ఐసీకి 1,600. స్కూలు ఫీజులు ఏడాదికి 50,000. కిందటి ఆగస్టులో మా వారికి డెంగీ వచ్చి ఆసుపత్రికి 74,000 అయింది. ఒక యాప్‌లో 60,000 అప్పు తీసుకుని, మిగతాది క్రెడిట్ కార్డు మీద కట్టాం. యాప్‌కు నెలకు 5,800, ఇంకా ఏడు ఈఎంఐలు ఉన్నాయి. కార్డు మీద 48,000 ఉంది, నెలనెలా కనీస మొత్తం 2,500 కడుతున్నాం. ఎంత పొదుపుగా ఉన్నా నెలకు 3,000 తగ్గుతోంది, అది కూడా కార్డు మీదే గీకుతున్నాం. బయట తినడం మానేశాం. పాలు లీటరున్నర నుంచి లీటరుకు తగ్గించాను. రాత్రిపూట కూర లేకుండా పచ్చడి, మజ్జిగతో సరిపెడుతున్నాను. వంటింట్లో ఇంకా ఎక్కడ తగ్గించవచ్చో చెప్పండి. మా వారు ఇంకో యాప్‌లో లక్ష తీసుకుని అన్నీ ఒకేసారి కట్టేద్దాం అంటున్నారు. మా అన్నయ్య నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే సిప్ వెయ్యి రూపాయలతో మొదలుపెట్టమంటున్నాడు.

జవాబు: అమ్మా, ముందుగా మీ వారి ఆలోచన సంగతి. ఆ లక్ష అప్పు వద్దు. ఈ రోజే ఆయనతో కూర్చుని ఆ మాట అక్కడితో ఆపేయండి. యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్ అప్పు తీసుకున్న ఇళ్లు ఏమయ్యాయో 2020 చివర్లో హైదరాబాద్‌లో చూశాం. వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. అప్పు డబ్బు బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకే రావాలి, వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ఒక కాగితంలో ముందే చూపించాలి, యాప్ మీ ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి రాకూడదు. మీ యాప్ వీటిని పాటించేదే అనుకుందాం. అయినా దాని ధర చూడండి. 60,000 అప్పులో ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ సాధారణంగా ముందే పట్టుకుంటారు. 3,500 పట్టుకుని ఉంటే మీ చేతికి వచ్చింది 56,500. పన్నెండు నెలలు 5,800 చొప్పున కట్టేది 69,600. మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి మూడు రూపాయల ముప్పై పైసల పైన వడ్డీ. పక్కవీధిలో వడ్డీకి ఇచ్చే ఆసామి మూడు రూపాయలు అడిగితే మీరు గుమ్మం దాకా కూడా వెళ్లి ఉండరు.

ఇక వంటిల్లు. మీ 11,000 ఎలా ఖర్చవుతుందో నేను వేసుకున్న లెక్క ఇది. అయిదుగురికి బియ్యం బస్తాన్నర, 2,200. కందిపప్పు మూడు కిలోలు 400, మినప్పప్పు, మిగతా పప్పులు 500, నూనె నాలుగు లీటర్లు 600. పాలు 1,900, కూరగాయలు 2,000, గ్యాస్ బండ 900. గుడ్లు, ఆదివారం చికెన్ 1,200. టీపొడి, పంచదార, సబ్బులు, చిల్లర సరుకులు 1,300. మొత్తం సరిగ్గా 11,000. మనిషికి రోజుకు 73 రూపాయలు, మూడు పూటలకు, పాలు, టీలతో సహా. ఇంత ఒడుపుగా ఇల్లు నడిపే వాళ్లు నా దగ్గరికి తరచుగా రారు. ఇందులో తగ్గించడానికి ఏమీ లేదు. ఎదిగే పిల్లల పళ్లెంలో కూర లేకపోవడం పొదుపు అనిపించుకోదు. బలం తగ్గితే ఆ ఖర్చు మళ్లీ ఆసుపత్రిలో తేలుతుంది.

అరలీటరు పాలు మానేసి మీరు మిగుల్చుకుంటున్నది నెలకు 900 పైచిలుకు. అదే నెలలో కార్డు మీకు వేస్తున్న వడ్డీ ఎంతో తెలుసా? 48,000 మీద నూటికి మూడున్నర చొప్పున 1,680, దాని మీద 18 శాతం జీఎస్టీ 302. దాదాపు 2,000. మీరు కట్టే 2,500లో అసలుకు పోయేది 500 మాత్రమే. అదే నెలలో ఇంకో 3,000 గీకుతున్నారు. అందుకే ఎన్ని నెలలు కట్టినా ఆ అంకె పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు. చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. పాత బాకీ పూర్తిగా కట్టనంతకాలం కార్డు మీద మామూలుగా వచ్చే వడ్డీ లేని గడువు వర్తించదు. సోమవారం కిరాణాకు గీకితే సోమవారం నుంచే వడ్డీ. అంటే మీరు కందిపప్పు కూడా మూడున్నర రూపాయల వడ్డీకి తెచ్చి వండుతున్నారు.

మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా జవాబు రాయడానికి కారణం ఆగస్టు నెల. అప్పటికి మీరు చీటీలో 75,000 దాకా కట్టి ఉన్నారు. ఆసుపత్రి బిల్లు 74,000. మీ డబ్బు మీ దగ్గరే ఉంటే ఒక్క రూపాయి అప్పు లేకుండా ఆ రోజు గడిచిపోయేది. కానీ చీటీ డబ్బు పాట జరిగాక, అదీ పాట మీకు దక్కితేనే వస్తుంది. నగల స్కీము నగే ఇస్తుంది. ఎల్ఐసీ డబ్బు ఏళ్ల తర్వాత మాట. నెలకు 8,000 పైన దాచే ఇంట్లో, జ్వరం వచ్చిన రోజున చేతిలో ఏమీ లేదు. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు. మన దగ్గర పొదుపరి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దాచినదంతా ఎక్కడో ఒకచోట కట్టేసి ఉంటుంది, అత్యవసరానికి తీసుకోవడానికి వేరుగా ఏమీ ఉండదు. పైగా మీ వారి జీతం ఈఎస్ఐ (ఉద్యోగులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా) పరిమితి 21,000 దాటింది కాబట్టి ఆ ఆసరా కూడా లేదు. ఆరోగ్య బీమా ఊసే మీ ఉత్తరంలో లేదు.

కాబట్టి మీరు చేయాల్సిన పని చీటీ పాడుకోవడం. ఇంకా 18 నెలలే ఉంది కాబట్టి పాటలో మరీ ఎక్కువ పోదు. 1,75,000 దాకా చేతికి వస్తుందని అనుకుందాం. పాతిక వేలు నష్టం కదా అంటారు. మీ కార్డు ఒక్కటే ఏడాదికి 24,000 వడ్డీ లాగుతోంది, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇది రిజిస్టరైన కంపెనీ చీటీ అనే ఉద్దేశంతోనే చెబుతున్నాను. తెలిసినవాళ్లు నోటిమాట మీద నడిపే చీటీ అయితే పాడుకుని బయటపడటానికి అది ఇంకో కారణం.

వచ్చే పాట మీకు దక్కకపోవచ్చు. అప్పటిదాకా కార్డు బాకీని అలాగే ఉంచకండి. ఇంట్లో మూడు కాసుల గొలుసు ఉన్నా బ్యాంకులో పెట్టి 48,000 తెచ్చి కార్డు మొత్తం కట్టేయండి. బ్యాంకు బంగారం అప్పు ఏడాదికి పది శాతం అటూ ఇటూ, అంటే నూటికి 80, 90 పైసలు. చీటీ డబ్బు రాగానే గొలుసు విడిపించుకోండి. బంగారం తాకట్టు పరువు తక్కువ అనుకుని మూడున్నర రూపాయల వడ్డీ కట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

యాప్ అప్పులో ఇంకా 37,000 దాకా అసలు ఉంటుంది. ముందే మూసేస్తే ఫీజు అడుగుతారు, అది ఎంతో మెయిల్‌లో రాయించుకోండి. ఫీజు పోను వడ్డీలో మిగిలేది పెద్దగా ఉండదు. అయినా మూసేయండి, నెలకు 5,800 చేతిలో మిగలడం ఇప్పుడు మీకు ముఖ్యం. మూశాక బాకీ లేదన్న పత్రం తీసుకోండి.

ఇవి రెండూ తీరాక చీటీ డబ్బులో దాదాపు 90,000 మిగులుతుంది. దాని జోలికి ఎవరూ రాకూడదు. అందులో సుమారు 18,000తో మీ నలుగురికీ కలిపి 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ ప్రీమియం మీద జీఎస్టీ లేదు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిము రాదు, కాబట్టి వానాకాలం దాకా ఆగకండి. మీ అత్తగారికి 70 దాటింది కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి. ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, 2024 అక్టోబరు నుంచి ఉంది.

మిగిలిన 72,000 మీ అత్యవసర నిధి. మీరు వాడే ఖాతాలో ఉంచితే సంక్రాంతికి బట్టలై పోతుంది. ఇంకో బ్యాంకులో ఇద్దరి పేరుతో, ఎవరైనా ఒకరు తీసుకునేలా ఖాతా తెరవండి. ఫోన్‌లో ఏ చెల్లింపు యాప్‌కూ దాన్ని కలపకండి. 22,000 సేవింగ్స్‌లో, మిగతాది 10,000 చొప్పున అయిదు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. అవసరమైతే ఒకటి విరిచినా మిగతా నాలుగూ అలాగే ఉంటాయి. ఏటీఎం కార్డు బీరువాలో పెట్టండి, రాత్రి పన్నెండు గంటలకు ఆసుపత్రి కౌంటరు దగ్గర పనికొచ్చేది అదే. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇల్లు కాబట్టి ఈ నిధి ఆరు నెలల ఖర్చుకు చేరాలి. 18 నెలల తర్వాత చీటీ అయిపోతుంది, అప్పుడు ఆ 4,600 నేరుగా ఇందులోకే. మళ్లీ కొత్త చీటీ అని ఎవరు చెప్పినా నిధి నిండేదాకా వినకండి.

ఇక్కడ ఒక చిక్కు విడదీయాలి. జూన్‌లో ఫీజులు అత్యవసరం కాదు. ప్రతి ఏడూ వస్తాయని తెలిసిన ఖర్చు అది. వేసవిలో ఆవకాయ కాయలు, ఎండుమిరపకాయలు, కొత్త చింతపండు, ఏడాదికి సరిపడా కందిపప్పు కూడా అంతే. పంట వచ్చిన రోజుల్లో కొనడం మంచి అలవాటు, మన పెద్దవాళ్ల ఇళ్లు అలాగే నడిచాయి. కానీ ఆ సరుకు కార్డు మీద కొని ఆరు నెలలు బాకీ ఉంచితే నూటికి 21 రూపాయలు వడ్డీకే పోతుంది. పంటకాలంలో కొన్నందుకు కలిసొచ్చింది ఏమీ మిగలదు. ఫీజులు 50,000, వేసవి సరుకుకు ఓ 9,000 వేసుకుంటే ఏడాదికి 59,000. నెలకు 4,900. జీతం పడిన రోజే దీన్ని బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు పంపండి. ఈ జూన్‌కు పూర్తిగా సరిపోదు, స్కూలు వాళ్లను వాయిదాలు అడగండి. ఫీజు కోసం అత్యవసర నిధి విరిచి మళ్లీ మొదటికి రాకండి.

ఇప్పుడు నెల లెక్క. 42,000లో ఇంటి ఖర్చులు 28,500, చీటీ 4,600, ఎల్ఐసీ 1,600 పోతే 7,300. నగల స్కీము అయిపోయాక కొత్తది మొదలుపెట్టకపోతేనే ఈ అంకె. అందులో 4,900 ఫీజులకు, సరుకుకు. 1,500 వచ్చే ఏడాది బీమా ప్రీమియానికి. మిగిలిన 900 అరలీటరు పాలకు. రేపటి నుంచే మళ్లీ తెప్పించండి.

సిప్ ఇప్పుడు వద్దు, అన్నయ్యగారికి నిధి నిండాక చూద్దామని చెప్పండి. మీ వారికి టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా) కావాలి, ఈసారి బోనస్ రాగానే దానికే. ఈలోగా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా తీసుకోండి. ఎల్ఐసీ నడవనివ్వండి. క్రెడిట్ కార్డు బాకీ తీరిన రోజే బ్యాంకు యాప్‌లో దాని పరిమితిని 5,000కు తగ్గించండి, ఆటో డెబిట్ పూర్తి మొత్తానికి పెట్టండి.

చీటీ ఆఫీసుకు వెళ్లేటప్పుడు పాస్‌బుక్కు, మీ వారి జీతం స్లిప్పులు పట్టుకెళ్లండి. పాట దక్కాక జామీనుదారులు కావాలంటారు, ఎందరు కావాలో, ఎలాంటి ఉద్యోగం వాళ్లు కావాలో ముందే కనుక్కోండి. చాలామంది పాట పాడేసి ఇక్కడే ఇరుక్కుంటారు. కాగితాలన్నీ పూర్తయి డబ్బు రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి, కార్డు బిల్లు తేదీ రాకముందే గొలుసు పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి.