బ్లాక్‌చెయిన్ సంగతి తర్వాత, ముందు బస్తాల మధ్య చెయ్యి పెట్టి చూడు

శ్రీకాకుళం

అల్లుడూ,

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. పలాస గోడౌన్‌లో జీడిపిక్కల బస్తాల దగ్గర తేమ సెన్సర్లు పెట్టి, ప్రతి రీడింగూ బ్లాక్‌చెయిన్‌కి ఎక్కిస్తానన్నావు. సరుకు ఎలా నిల్వ ఉందో కొనేవాడు నీ మాట మీద కాకుండా లెక్క చూసుకుని నమ్ముతాడని నీ ఆశ. ఆలోచన మంచిదే. కాకపోతే పన్నెండు పేజీల్లో సెన్సర్‌కి దక్కింది అర పేజీ. మిగతాదంతా చెయినే! టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసినవాణ్ణి కదా, నా చూపు ముందు లైను చివరకే పోతుంది.

చెయిన్ పని ఒకసారి రాసిందాన్ని తర్వాత ఎవరూ దిద్దకుండా కాపాడటం. రాసింది నిజమా కాదా అన్నది దానికి తెలియదు. పోయిన వానాకాలం మా తోడల్లుడి గోడౌన్‌లో నేనే ఒక సెన్సర్ బిగించాను. చేతికి అందుతుందని తలుపు పక్కన పెట్టాను. పగలల్లా గాలి ఆడుతుంటే రీడింగ్ భేషుగ్గా వచ్చేది. లోపల గోడవారనున్న బస్తాలకు బూజు పట్టింది. ఆ రీడింగులే చెయిన్ మీద ఉంటే నా తెలివితక్కువతనం ఎప్పటికీ చెరిగేది కాదు.

అందుకని మొదటి నెల చెయిన్ ఊసెత్తకు. గోడవారన ఒకటి, నేల దగ్గర ఒకటి, బస్తాల నడుమ ఒకటి, రేకుల కింద ఒకటి పెట్టు. అవి చెప్పేది గాలిలో తేమ, పిక్కలో తేమ కాదు. కొనేవాడు అడిగేది పిక్కలోది. వారానికోసారి చేతి మీటరుతో పిక్కల తేమ చూసి, సెన్సర్ అంకె పక్కనే రాసుకో. రెండూ ఎలా కలిసి నడుస్తున్నాయో తెలిస్తేనే ఆ అంకెలు పనికొస్తాయి.

ఇక గడియారం. సెన్సర్లను నడిపే ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కరెంటు పోయి వచ్చిందంటే, నెట్ నుంచి టైము తెచ్చుకునేదాకా అది 1970 జనవరి 1లోనే ఉంటుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటూ సిగ్నలూ ఎన్ని రోజులు లేవో నీకు నేను చెప్పాలా? బటన్ సెల్ మీద నడిచే డీఎస్3231 గడియారం ఒకటి తగిలించు. బోర్డుకి బ్యాటరీ, మెమరీ కార్డు కూడా. నెట్ లేనప్పుడు కార్డులో రాసుకుని, వచ్చాక పంపాలి. పంపడానికి ఎంక్యూటీటీ అనే చిన్న సందేశాల పద్ధతి చాలు. 1999లో శాటిలైట్ లింకుల మీద చమురు పైపులైన్లను కనిపెట్టి ఉండటానికే దాన్ని తయారుచేశారు. అంతంతమాత్రం లైన్లకు అది అలవాటైనదే.

రీడింగు నీ బోర్డు నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం చేసే రహస్య కీని ప్రోగ్రాంలో రాసిపెట్టకు. బోర్డు ఊడదీసినవాడికి అది దొరికిపోతుంది. ఏటీఈసీసీ608 లాంటి చిప్ అయితే కీ లోపలే ఉండి సంతకం మాత్రమే బయటికొస్తుంది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు మొదటిరోజే మార్చు. 2016లో మిరాయ్ వైరస్ కెమెరాల్లోకి దూరింది ఆ దారినే.

చెయిన్ మీద ఎంత రాయాలంటావా? పది నిమిషాలకొకటి చొప్పున నాలుగు సెన్సర్లకు రోజుకు 576 రీడింగులు. అన్నీ ఎక్కిస్తే ఫీజులు కట్టలేవు. పైగా ఈథీరియమ్ లాంటి బహిరంగ చెయిన్ మీద రాసింది ఎవరైనా చదవొచ్చు. తేమ ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది చూసి నీ గోడౌన్ తలుపులు ఎప్పుడు తెరుచుకున్నాయో పోటీవాళ్ళు లెక్కగట్టేస్తారు. రోజు మొత్తం రీడింగుల మీద ఎస్‌హెచ్ఏ-256 అనే లెక్కతో 32 బైట్ల ముద్ర తీసి, అదొక్కటే ఎక్కించు. ఒక్క అంకె మారినా ముద్ర మారిపోతుంది. అసలు రీడింగులు నీ దగ్గర ఒక కాపీ, కొనేవాడి దగ్గర ఒక కాపీ. ఫైళ్ళను పలు కంప్యూటర్లలో దాచే ఐపీఎఫ్ఎస్ నెట్‌వర్కులో పెడితే శాశ్వతం అని రాశావు, అది కొట్టెయ్. ఎవరో ఒకరు కాపీ దాచి ఉంచకపోతే అక్కడా పోతుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నీకు కొనేవాడు ఒక్కడే అయితే, సంతకం చేసిన ఫైలు రోజూ అతనికి మెయిల్ చేస్తే సరిపోతుంది, చెయిన్ అక్కర్లేదు. ఒకరినొకరు ఎరగని నలుగురైదుగురు కొనేవాళ్ళుంటే అప్పుడు దానికి అర్థముంది. ముందు కొనేవాడికి ఫోన్ చేసి, ఆ ముద్ర సరిచూసుకుంటాడో లేదో అడుగు.

దసరాకి వస్తాను. చేతి మీటరు నా దగ్గరుంది, తెస్తాను. ఈలోగా వైర్లకు ఇనప గొట్టాలు తొడిగించు, ఆ గోడౌన్‌లో ఎలుకలు నాకు బాగా గుర్తున్నాయి.

మీ మావయ్య