పార్కు కోసం ఖాళీ స్థలం కొనమని మున్సిపాలిటీని ఎలా ఒప్పించాలి?

మున్సిపాలిటీ వాళ్లు డబ్బుల్లేవంటున్నారు కదా, అయితే ఖర్చు లెక్కే ముందు పెట్టండి. ఆ ఖాళీ స్థలంలో ఇళ్లు లేస్తే రోడ్లు, నీళ్లు, డ్రైనేజీ, బడి అన్నీ మున్సిపాలిటీయే ఏటా చూసుకోవాలి, వాన నీళ్లు ఇంకే నేల కూడా పోతుంది. స్థలం మాత్రం ఒక్కసారి కొంటే చాలు, తర్వాత ఉండేది నిర్వహణే. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ భూసేకరణకు 1853లో చట్టం చేసినప్పుడు అదంతా నగర శివారు, ఇవాళ 843 ఎకరాలున్న ఆ స్థలం కొనడం ఎవరి తరం? (అక్కడి సెనెకా విలేజ్ నల్లజాతి కుటుంబాలను మాత్రం ఖాళీ చేయించారు, ఆ పని వద్దు.)

ఉత్త సంతకాలతో వెళ్లకండి. యజమాని అమ్ముతాడో లేదో, ధరెంతో కనుక్కుని బడ్జెట్ ఖరారు కాకముందే వెళ్లండి. వేరే పనికి వాడకూడదని దస్తావేజులోనే రాయించండి, లేదంటే కొన్నాళ్లకు అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేస్తుంది.